ఆధారపడిన వ్యక్తి

ఆ వానాకాలంలో నా సంతకం నాది కాదని బ్యాంకువాళ్ళు నా మొహం మీదే చెప్పారు.

చెప్పిన అమ్మాయి తప్పేమీ లేదు. మర్యాదగానే చెప్పింది. కౌంటరు మీద ఉన్న కంప్యూటరు తెరను సగం తనవైపు, సగం నావైపు తిప్పి పెట్టుకుని, "ఇంకొక్కసారి పెట్టండి మేడమ్" అంది. పెట్టాను. తెర వంక చూసింది, కాగితం వంక చూసింది, చివరికి నా వంక చూసింది. "కుదరడం లేదండీ" అంది. మేముంటున్న ఆ పరాయి దేశంలో అందరూ మాతో ఇంగ్లీషులోనే మాట్లాడేవాళ్ళు. నేను మన మాటల్లో చెబుతున్నాను.

మేము అక్కడ ఉంటున్నది ఉద్యోగాల నుంచి రిటైరైనవాళ్ళకు ఇచ్చే వీసా మీద. నెలనెలా పెన్షన్ వచ్చేవాళ్ళకే ఆ వీసా. పెన్షన్ నాది. ప్రభుత్వాసుపత్రి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా మోకాళ్ళు అరిగేదాకా నిలబడి సంపాదించుకున్న పెన్షన్ అది. మా ఆయన ఒక ప్రైవేటు కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజరుగా చేశాడు. కంపెనీ మూతపడేనాటికి ఆయనకు మిగిలింది అరవడం అలవాటైన గొంతు ఒక్కటే. అందుకని వీసా నా పేరున ఇచ్చారు. ఆయన పాస్‌పోర్టులో ముద్ర కింద మాత్రం చిన్న అక్షరాలతో ఒక మాట ఉండేది: ఆధారపడిన వ్యక్తి.

ఆ మాట ఆయనకు గొంతులో ముల్లు. ఏడాదికోసారి వానలు మొదలయ్యే రోజుల్లో వీసా పొడిగించుకోవాలి. ఆ నెలంతా మా ఇంట్లో కయ్యాలే. కూరలో ఉప్పు దగ్గర మొదలుపెట్టి, నా నడక, నా నిద్ర, మా పుట్టింటివాళ్ళ పిసినారితనం దాకా దేన్నీ వదిలేవాడు కాదు. ముద్ర వేసిన ఆఫీసరు మీద అరవలేడు కదా. నేనైతే చేతికి అందుబాటులో ఉండేదాన్ని.

బ్యాంకు పనులన్నీ మొదటినుంచీ ఆయనవే. పెళ్ళైన కొత్తలోనే, "నీకు డ్యూటీలతో తీరిక ఎక్కడిది, నేను చూసుకుంటాలే" అన్నాడు. చూసుకున్నాడు. నా జీతం బ్యాంకులోకి వెళ్ళడం వరకే నాకు తెలుసు, అక్కణ్ణుంచి ఎటు వెళ్ళేదో ఆయనకు తెలుసు. ఈ దేశం వచ్చాకా అదే పద్ధతి. ఫారాలు ఇంటికి తెచ్చేవాడు, ఒకటో రెండో నా ముందు పడేసి ఇక్కడ పెట్టు అక్కడ పెట్టు అనేవాడు, మిగతావి పట్టుకుపోయేవాడు. ఆ ఏడు మాత్రం కొత్త రూలు వచ్చింది. వీసా ఆఫీసుకు బ్యాంకు ఇచ్చే ఉత్తరం కావాలంటే, ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ళే స్వయంగా వచ్చి, ఆఫీసరు ఎదురుగా సంతకం చెయ్యాలి.

"వీళ్ళకి పనీపాటా లేదు. పాస్‌పోర్టు తీసుకుని నడు" అన్నాడు. నడిచాను.

బ్యాంకు అమ్మాయి తెరను పూర్తిగా నావైపు తిప్పింది. అప్పుడు చూశాను మొదటిసారి నా సంతకాన్ని. గుమ్మటంలాంటి మొదటి అక్షరం, చివర్లో గాలిలోకి లేచిన పొడుగాటి తోక, దాని కింద రెండు గీతలు, ఆ గీతల కింద రెండు చుక్కలు. సినిమా హీరోలు అభిమానులకు పెట్టిచ్చే సంతకంలా ఉంది.

నా సంతకం చిన్నది. నిటారుగా, తోకా తొండం లేకుండా ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక కత్తెరలు, పటకార్లు, గుడ్డలు అన్నీ లెక్కపెట్టి, లోపల ఏదీ ఉండిపోలేదని రిజిస్టర్లో పెట్టే సంతకం. అది పడ్డాకే డాక్టర్లు కడుపు కుట్టేవాళ్ళు.

"అలా బిత్తరచూపులు చూడకు. ఆ తోక చూసి అలాగే లాగెయ్" అన్నాడు మా ఆయన చెవి దగ్గర, తెలుగులో.

"ఆ తోక నాది కాదండీ."

"నీదే. నేనే పెట్టాను."

నాకు చీర కొనిపెట్టినంత ధీమాగా అన్నాడు ఆ మాట. కౌంటర్ల ముందు జనం ఉన్నారు. నా మొహం వేడెక్కిపోయింది. మోచేత్తో పొడుస్తున్నాడు, "ఊఁ, కానియ్". ఆ సిగ్గులో, ఆ తొందరలో నేను తోక లాగబోయాను. అది పక్క గడిలోకి పోయి పడింది.

"సారీ మేడమ్. మూడుసార్లు కుదరకపోతే ఖాతా దానంతటదే ఆగిపోతుంది" అంది ఆ అమ్మాయి. "మీరెవరో రుజువులతో వచ్చి కొత్తగా నమోదు చేసుకునేదాకా ఉత్తరం ఇవ్వలేం."

ఉత్తరం లేకపోతే వీసా లేదు. నెలాఖరుకు పాత వీసా గడువు అయిపోతుంది. ఆ తర్వాత సామాను సర్దుకుని దేశం వదిలిపెట్టాలి.

బస్సులో నా పక్కన కూర్చుని, నలుగురూ వింటుండగా, "ఇన్నేళ్ళు ఉద్యోగం వెలగబెట్టావు, ఒక్క సంతకం చెయ్యడం రాదే నీకు?" అన్నాడు. భాష తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా అన్నాడు. ముందు సీట్లో ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

ఆ సాయంత్రం బల్ల మీద తెల్లకాగితాల కట్ట పెట్టి నన్ను కూర్చోబెట్టాడు. తను పైన ఒక సంతకం పెట్టి, కింద నన్ను పెట్టమన్నాడు. ఎదురుగా నిలబడి బడిపంతులులా వేలితో చూపిస్తున్నాడు.

"తోక పైకి పోవాలి. పైకి... పైకే. అంత వణుకేమిటి? గీత ఒక్క ఊపులో రావాలి."

"నా పేరు నేను రాసుకోవడానికి మిమ్మల్ని చూసి కాపీ కొట్టాలా?"

"కాపీ కాదు, ప్రాక్టీసు. రెండ్రోజులు చేస్తే చెయ్యి తిరుగుతుంది. వెళ్ళి, ఆవేళ కంగారులో తప్పు పడిందని చెప్పి ఇది పెట్టేస్తే సరి."

"నా సంతకం నా దగ్గరుంది. మీదెందుకు పెట్టారసలు?"

"నీ కోడిగీతలు ఎవడు చూస్తాడే? బ్యాంకన్నాక కాస్త దర్జాగా ఉండాలి."

నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఈ మనిషి నా బదులు ఒక ఆడదాన్ని తయారుచేసి పెట్టుకున్నాడు. నాకంటే దర్జా అయినది, ఎప్పుడు రమ్మంటే అప్పుడు వచ్చేది, ఎందుకని అడగనిది. ఇప్పుడు నేను దాన్ని చూసి నేర్చుకోవాలి.

సరిగ్గా అప్పుడే కింది అంతస్తు నుంచి సర్క్యులర్ గారు వచ్చారు. ఆయనా మా దేశం మనిషే, మా భాషే, మాలాగే పెన్షన్ మీద ఉంటున్నవాడు. ఏదో సర్కారీ ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. ఏ విషయమైనా "రూలు ప్రకారం" అంటూ మొదలుపెడతారు కాబట్టి అందరూ ఆయన్ని అలా పిలిచేవాళ్ళు. మంచి మనిషే. నోటికి మాత్రం బ్రేకులు లేవు.

తడిసిన చెప్పులు గుమ్మం బయట వదిలి, లోపలికొచ్చి, కాగితాలు చూసి, "ఏంటమ్మా, కాపీలు రాస్తున్నారు?" అన్నారు.

"నా సంతకం నేర్చుకుంటున్నానన్నయ్యగారూ" అన్నాను.

ఆయనకు అది వేళాకోళంలా తోచింది. "మీరు నేర్చుకునేదేముందమ్మా, ముత్యంలాంటి సంతకం! మొన్న లైఫ్ సర్టిఫికెట్ మీద చూశాగా, ఆ తోక ఎంత నాజూగ్గా ఉందనుకున్నారు!"

మా ఆయన దగ్గాడు. ఆ దగ్గు సర్క్యులర్ గారికి తగలలేదు.

"ఏ లైఫ్ సర్టిఫికెట్?" అన్నాను.

"అదేనమ్మా, పెన్షనర్లు ఏడాదికోసారి ఆఫీసరు ముందుకెళ్ళి, బతికే ఉన్నామని రాయించుకోవాలి కదా. రూలు ప్రకారం స్వయంగా వెళ్ళాలి. మీకైతే మన దేశంలో మీ బావగారి స్నేహితుడెవరో ఆఫీసరున్నాడట, మీరు వచ్చినట్టు ఆయనే రాసిచ్చేస్తాడు. ఈసారి బావగారు మంచంలో ఉన్నారని, పంపే పని నాకు అప్పజెప్పారు మీవారు. ఎల్లుండి మా మేనకోడలు ఊరెళ్తోంది, కవరు తన చేతికిస్తా."

"ఆఫీసరు ముందుకి నేను వెళ్ళినట్టా? అక్కడ?"

"అక్కడే కదమ్మా మీరుంటున్నది!" అని నవ్వారు. "రూలు ప్రకారం మీ చిరునామా మీ బావగారిల్లే. అక్కడుంటే పన్ను అక్కడి లెక్కన పోతుంది, ఇక్కడివాళ్ళకి కట్టక్కర్లేదు. ఏడాదిలో సగానికి పైగా ఎక్కడుంటే అక్కడ పన్ను కట్టాలి కదా, దానికన్నమాట ఈ ఏర్పాటు. మీవారి బుర్ర చురుకు."

"మరి ఇక్కడి వీసావాళ్ళకి?"

"వాళ్ళకి ఇక్కడే ఉంటున్నారు."

అంటే ఇన్నేళ్ళుగా నేను ఒకేసారి రెండు దేశాల్లో కాపురం చేస్తున్నాను. ఇంత చేతనైనదాన్నని నాకే తెలియదు.

"వీళ్ళూ వాళ్ళూ కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే, పట్టుకునేది ఎవర్నండీ?"

సర్క్యులర్ గారు నేనిచ్చిన టీ కప్పు కింద పెట్టారు. మా ఆయన మొహం అప్పుడు చూశారు. అయినా రూలు అడిగితే చెప్పకుండా ఉండలేరు, పాపం. "సంతకం ఎవరిదైతే వాళ్ళనేనమ్మా. పెన్షన్ ఆపుతారు. ఇక్కడ వీసా తీసేస్తారు."

"సంతకం ఎవరిది?"

"మీదే కదా!"

"అయితే ఆ కవరు తెచ్చి నాకివ్వండి."

"ఇవ్వకండి" అన్నాడు మా ఆయన. "ఆడాళ్ళకి ఇవన్నీ అర్థం కావు. మీరు పంపెయ్యండి."

సర్క్యులర్ గారు ఇద్దరి మధ్యా నిలబడి తల గోక్కున్నారు. చివరికి, "సంతకం ఆవిడదైనప్పుడు, రూలు ప్రకారం ఆవిడ అడిగితే ఇవ్వాలండీ" అని చెప్పులేసుకుని కిందికి వెళ్ళారు. కవరు తెచ్చి నా చేతిలో పెట్టి, టీ కూడా పూర్తిచెయ్యకుండా వెళ్ళిపోయారు. నేను దాన్ని విప్పకుండానే అడ్డంగా చింపాను. మళ్ళీ నిలువునా చింపాను.

అప్పుడు అరిచాడు మా ఆయన. మా ఇద్దరి మధ్య జరిగిన గొడవలన్నీ గుర్తుపెట్టుకోవడం నాకు అలవాటు లేదు గానీ, ఆ సాయంత్రం అన్న ప్రతి మాటా గుర్తుంది.

"పెన్షన్ ఆగిపోతే తింటావా ఆ కాగితం ముక్కలు?"

"నేను మన రాయబార కార్యాలయానికి వెళ్ళి, ఇక్కడే ఉన్నానని నిజం రాయించి పంపిస్తాను. పన్ను ఇక్కడ కట్టాల్సింది ఇక్కడ కడతాను. బ్యాంకులో నా సంతకం నేను పెట్టుకుంటాను."

"అవన్నీ తేలేసరికి నెలాఖరు దాటుతుంది. వీసా పోతుంది."

"పోకుండా చూసుకుంటాను."

"పోతే పోయిందిలే! పీడా వదులుతుంది!" అన్నాడు. "అన్నయ్య మంచంలో ఉన్నాడు. వదిన ఒక్కతే చెయ్యలేక చస్తోంది. నువ్వెళ్తే పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం అన్నీ చూసుకుంటావు. వదినకి చెప్పాను కూడా."

"ఎప్పుడు చెప్పారు?"

ఆయన బల్ల మీది తెల్లకాగితాలు సర్దడం మొదలుపెట్టాడు.

"ఎప్పుడు చెప్పారండీ?"

"వేసవిలో" అన్నాడు.

వేసవిలో అంటే వీసా గొడవ మొదలుకాకముందే. ఇక్కడ ఫ్యాను కింద కూర్చుని, ఫోనులో నన్ను వాళ్ళ వదినకు ఇచ్చేశాడు. వీసా ఉంటే సరే, పోతే ఇంకా సరే. ఏ వైపు పడినా ఆయనకు నష్టం లేదు. నష్టపోయేదాన్ని నేను.

ఎందుకంటే నాకు ఈ దేశంలోనే ఉండాలని ఉంది. మా ఇంటికి రెండు వీధుల అవతల మునిసిపాలిటీవాళ్ళ ఈతకొలను ఒకటుంది. పొద్దున పూట పెద్దవాళ్ళకే వదులుతారు. అరవై దాటాక అందులో ఈత నేర్చుకున్నాను. నడుం లోతు నీళ్ళల్లోకి దిగగానే నా మోకాళ్ళు నొప్పి మరిచిపోయేవి. అక్కడ నన్ను సిస్టర్ అని ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. నీళ్ళ మీద వెల్లకిలా పడుకుని పైకప్పు రేకుల మీద వాన చప్పుడు వినేదాన్ని. అత్తగారు మంచం పట్టినప్పుడు పగలంతా థియేటర్లో నిలబడి, సాయంత్రం ఇంట్లో పేషెంటు దగ్గర నిలబడినదాన్ని. మామగారికీ అంతే. ఇంట్లో నర్సు ఉన్న కుటుంబానికి రోగాలు కూడా ధైర్యంగా వస్తాయేమో. నా వంతు నేను చేసేశాను. ఇంక చెయ్యను. ఈ మాట అనడానికి నాకు ఏ సంజాయిషీ అవసరమనిపించలేదు.

మర్నాడు ఆయన లేవకముందే ఈతకు వెళ్ళి, అట్నుంచటే తడిజుట్టుతో బ్యాంకుకు వెళ్ళాను. పాస్‌పోర్టు, పెన్షన్ పుస్తకం, ఎందుకైనా మంచిదని పాత ఆస్పత్రి గుర్తింపు కార్డు పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను గాజుగదిలో ఉన్న మేనేజరు దగ్గరకు పంపింది. నా వయసుకు కాస్త అటూ ఇటూగా ఉండే ఆవిడ. వేలిముద్రలు తీసుకుంది, ఫొటో తీసుకుంది, పాస్‌పోర్టులో సంతకం, కార్డు మీద సంతకం పక్కపక్కన పెట్టి చూసింది. రెండూ ఒకటే. బ్యాంకులో ఉన్న పాత సంతకం ఒక్కటే వేరు.

"ఇది చిన్న విషయమే మేడమ్" అంది. "వయసు మీదపడి సంతకం మారిందని ఒక ముక్క రాసివ్వండి. చాలామంది అలాగే రాస్తారు. ఈ సాయంత్రానికల్లా ఉత్తరం ఇచ్చేస్తాను."

పెన్ను నావైపు జరిపింది.

ఎంత తేలిక! ఆ ఒక్క ముక్క రాస్తే వీసా వస్తుంది, ఇంట్లో గొడవ ఉండదు, ఎవరికీ ఏమీ కాదు. కానీ అప్పుడు ఆ తోక సంతకం నాదైపోతుంది. దాని కింద ఉన్న ప్రతి అబద్ధమూ నాదవుతుంది. మళ్ళీ వచ్చే ఏడు ఆయన ఇంకో కాగితం మీద దాన్ని పెడతాడు.

"మారలేదండీ" అన్నాను. "అది మా ఆయన పెట్టింది."

"మీరు పెట్టమంటేనా?"

"కాదు."

ఆవిడ టైపు చెయ్యడం ఆపింది. "ఇలా రాస్తే ఆయన ఇక ఈ ఖాతాను ముట్టుకోలేరు. వీసా ఆఫీసుకిచ్చే ఉత్తరంలో కూడా ఈ సంగతి రాయాలి. రాయమంటారా?"

"రాయండి."

కొత్త కార్డు మీద సంతకం పెట్టాను. ఆవిడ దాన్ని చూసి, "చిన్నగా బాగుంది" అంది. అలా ఎందుకందో తెలియదు. నేను మాత్రం దాన్ని ఇంకోసారి చూసుకున్నాను.

ఆ తర్వాత రోజులన్నీ వరసల్లో గడిచాయి. మన రాయబార కార్యాలయంలో, గాజు వెనకాల కుర్రాఫీసరు నా మొహం, ఫొటో చూసి, "అయితే మీరు బతికే ఉన్నారన్నమాట" అని నవ్వాడు. "ఇప్పుడిప్పుడే" అన్నాను. పన్నుల ఆఫీసులో ఫ్యాన్లు తిరగని నడవాలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఎన్నాళ్ళుగా ఉంటున్నానో ఉన్నదున్నట్టు చెప్పాను. అక్కడి గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుని, "మాకు దొరక్కముందే వచ్చి చెప్పినవాళ్ళని మేం కొరకం" అన్నాడు. పాతవన్నీ విడతల్లో కట్టుకోమని రాసిచ్చి, పన్ను నంబరు ఇచ్చాడు. బావగారి ఇంటి చిరునామా కొట్టేయించి, నేనుంటున్న ఇంటి చిరునామా వేయించాను.

ఇంట్లో మా ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. మిగతా ప్రపంచంతో మాత్రం బాగా మాట్లాడాడు. "మొగుణ్ణి బ్యాంకులో దొంగని చేసింది" అని రెండు వైపులా బంధువులందరికీ ఫోన్లు చేశాడు. నేను వంట చేసి బల్ల మీద పెట్టేదాన్ని. ఆయన కంచం తీసుకుని బాల్కనీలోకి వెళ్ళేవాడు, వాన జల్లు మీద పడుతున్నా అక్కడే తినేవాడు. తడిసింది ఆయనే కాబట్టి నేనేమీ అనలేదు.

ఒకరోజు మా తోటికోడలు ఫోను చేసింది.

"నువ్వొస్తావని కొండంత ఆశ పెట్టుకున్నానే" అంది. "ఏడాదిగా నా నడుం పడిపోయింది."

"మనిషిని పెట్టుకోండి అక్కయ్యా."

"ఇంట్లో నర్సుని పెట్టుకుని, బయటి మనిషిని పెట్టుకోవాలా?"

"నేను మీ ఇంట్లో లేనక్కయ్యా. కాగితాల్లో ఉన్నాను. అదీ తీయించేశాను."

ఆవిడకు అర్థం కాలేదు. నేను విడమరిచి చెప్పలేదు. ఆవిడ మీద నాకు కోపం లేదని ఇప్పుడంటే అబద్ధం. ఉంది. పన్నెండు మంది ఉన్న ఆ కుటుంబంలో మంచం పక్కన నిలబడటానికి వాళ్ళకు సముద్రం అవతలి నేనే కనపడ్డాను.

నెలాఖరులో వీసా ఆఫీసుకు ఇద్దరం వెళ్ళాం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఎప్పుడూ కాగితాల సంచీ ఆయన చేతిలో ఉండేది, నేను వెనక నడిచేదాన్ని. ఆ రోజు సంచీ నేనే పట్టుకున్నాను. మా టోకెను పిలిచేదాకా రెండు కుర్చీల దూరంలో కూర్చున్నాడు.

ఆఫీసరు బ్యాంకు ఉత్తరం రెండుసార్లు చదివాడు. రెండోసారి చదివాక మా ఆయన వంక చూశాడు. నా పాస్‌పోర్టులో ఏడాదికి ముద్ర కొట్టి పక్కన పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఆధారపడిన వ్యక్తికి పొడిగింపు, ప్రధాన వీసాదారు అడిగితేనే ఇస్తాం. అడుగుతున్నారా?"

"అడుగు" అన్నాడు మా ఆయన తెలుగులో, మెల్లగా. స్టోర్సులో హమాలీకి చెప్పినట్టే చెప్పాడు. గొంతు మాత్రం తగ్గించాడు.

"ఎన్నాళ్ళకి ఇస్తారండీ?" అని ఆఫీసర్ని అడిగాను.

"మూడు నెలలు, ఆరు నెలలు, ఏడాది. మీ ఇష్టం."

"మూడు నెలలు."

"ఏమన్నావు?" అన్నాడు మా ఆయన.

ఆఫీసరు ముద్ర తేదీ తిప్పుకుని, టక్కున కొట్టాడు.

బయట మెట్ల మీద వాన జోరుగా పడుతోంది. గొడుగు ఒక్కటే ఉంది. మెట్లు దిగకుండా నిలబడి, పాస్‌పోర్టు తెరిచి చూసుకుని, మళ్ళీ మూసి, "మూడు నెలలేమిటే? నేనేమన్నా అద్దెకున్నవాణ్ణా?" అన్నాడు.

"అద్దెకున్నవాళ్ళకి పదకొండు నెలలిస్తారు" అన్నాను.

కొట్టేస్తాడేమో అన్నట్టు చూశాడు. జనం ఉన్నారు కాబట్టి ఊరుకున్నాడో, ఇంకెందుకో తెలియదు. పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని, "తర్వాత?" అన్నాడు.

"తర్వాత మళ్ళీ రావాలి. నేను అడగాలి."

"అడుగుతావా?"

"మీరు నన్ను అడిగితే."

ఆ మూడు నెలల్లో ఆయన నన్ను ఒక్కసారి అడిగినా ఏడాదికి రాయించేదాన్ని. ఇది నిజం. అడుగుతాడేమోనని చూశాను కూడా. వానలు తగ్గాయి, గోడల చెమ్మ ఆరింది, బాల్కనీలో కంచం మాత్రం లోపలికి రాలేదు. గడువు దగ్గరపడుతుండగా ఒకరోజు పెట్టె దించి బట్టలు సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"మా అన్నయ్య దగ్గర నాకు ఎవరి ముద్రలూ అక్కర్లేదు" అన్నాడు.

"మంచిది" అన్నాను.

సర్క్యులర్ గారు పెట్టె కిందికి మోసి టాక్సీ ఎక్కించారు. తర్వాత ఒక్కరే పైకి వచ్చి ఏదో చెప్పబోయి, రూలేదీ తోచక, తలుపు దగ్గరే నిలబడి వెళ్ళిపోయారు. నేను కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఎదురుచూశాను. రాలేదు. లేచి బాల్కనీ కడిగాను.

కొన్ని వారాల తర్వాత మా ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది. బాగున్నావా అని గానీ, ఏం చేస్తున్నావని గానీ లేదు. వెనక నుంచి బావగారి మూలుగు వినపడుతోంది, దూరంగా తోటికోడలు ఎవరినో కసురుకోవడం వినపడుతోంది.

"వదిన చెయ్యలేనంటోంది. అన్నీ నా మీదే పడ్డాయి" అన్నాడు. ఒగరుస్తున్నాడు. "అన్నయ్యని పక్కకి తిప్పాలి. వీపంతా ఎర్రబడింది. ఎలా తిప్పాలే?"

నేను వంట గట్టు పక్కన నిలబడ్డాను. చెయ్యి పట్టుకుని లాగొద్దన్నాను, భుజం జారుతుంది. ముందు ఆ వైపు మోకాలు మడిచి పెట్టమన్నాను. కింద పరిచిన దుప్పటి అంచుని రెండు చేతులా ఒంటికి దగ్గరగా పట్టుకుని, ఒక్కసారిగా కాకుండా, మెల్లగా తనవైపు తిప్పుకోమన్నాను. వీపుకు దిండు ఆనించమన్నాను. రెండేసి గంటలకోసారి చెయ్యాలన్నాను, రాత్రి కూడా.

ఫోను మంచం మీద పెట్టినట్టున్నాడు. దుప్పటి లాగిన చప్పుడు, మంచం కిర్రుమన్న చప్పుడు, మా ఆయన మూలిగిన చప్పుడు వినపడ్డాయి. అదే గదిలో, అదే మంచం పక్కన ఎవరు నిలబడాల్సి ఉండిందో ఆయనకు ఆ క్షణంలో తెలిసిందో లేదో నాకు తెలియదు.

"బరువుగా ఉన్నాడే" అన్నాడు, మళ్ళీ ఫోను అందుకుని.

"ఉంటారు" అని పెట్టేశాను.